ఇటిక్యాలలో అపరాధ పరిశోధన

కళాశాల వార్షిక సంచికలో అపరాధ పరిశోధక నవలలను గూర్చి వ్రాయుట తగునా అని మా సహాధ్యాపకులొకరు సందేహించినారు. ప్రబంధములు బోధించువారికి హత్యల ప్రస్తావన ఎందుకని వారి భావము. వారి మాటలో న్యాయము లేకపోలేదు. అయితే మాకు పుస్తకము మీద రుచి పుట్టించినది మనుచరిత్ర కాదు, ఒక జాసూసీ నవల. ఈ సంగతిని ఇన్నాళ్ళు దాచినాము. ఇక దాచుటలో అర్థము లేదు.

మాది ఇటిక్యాల. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, గద్వాల నుండి కర్నూలుకు పోవు రైలు మార్గము మీది ఊరు. మా దాదా గాజుల వ్యాపారి. చుట్టుపక్కల ఊళ్ళన్నియు కాలినడకన తిరిగి గాజులు తొడిగేవారు. ఆయన అసలు పేరు ఎందరికి తెలుసునో కాని, గాజుల సాయిబు అంటే తెలియని గడప లేదు. సరుకు కొరకు మీటరుగేజి రైలెక్కి హైదరాబాదు లాడ్ బజారుకు పోయి, వచ్చునపుడు గాజుల పెట్టెతో పాటు ఒకటి రెండు ఉర్దూ నవలలు తెచ్చుకొనేవారట. అవి ఇబ్నె సఫీ వ్రాసినవి. అస్రార్ అహ్మద్ అను ఆ రచయిత 1952లో అలహాబాదులో 'జాసూసీ దున్యా' అను నవలా మాలను ప్రారంభించినాడు. ఆ యేడే పాకిస్తానుకు వెళ్ళిపోయినను ఆయన నవలలు ఇటు అలహాబాదులోను, అటు కరాచీలోను వెలువడుచునే ఉన్నవి. 1955 నుండి 'ఇమ్రాన్ సిరీస్' కూడ వచ్చినది.

మా చదువు తెలుగు మాధ్యమములో సాగినది. ఉర్దూ లిపి మాకు అప్పటికి రాదు. దాదా రాత్రిపూట పుస్తకము ఒడిలో పెట్టుకొని, ఉర్దూలో చదువుకొనుచు తెలుగులో కథ చెప్పేవారు. చెప్పుచు చెప్పుచు ఊరు మార్చేవారు. కర్నల్ ఫరీదీ కారు ఎర్రవల్లి చౌరస్తా దగ్గర మలుపు తిరిగేది. కెప్టెన్ హమీద్ బీచుపల్లి వంతెన మీద నిలబడి సిగరెట్టు వెలిగించేవాడు. నేరస్థుడు గద్వాల కోటలో దాగేవాడు. అసలు పుస్తకములో ఆ ఊళ్ళు లేవని మాకు పదునాలుగవ యేట గాని తెలియలేదు. తెలిసిన రోజున కొంత మోసపోయినట్లనిపించిన మాట నిజము.

అప్పటికే గద్వాలలో అద్దెకు నవలలిచ్చు దుకాణము మాకు పరిచయమైనది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు అక్కడ దొరికినారు. యుగంధర్ ఉండునది మద్రాసులో. ఆనాటి తెలుగు ప్రచురణాలయములు, సినిమా స్టూడియోలు పెక్కు అక్కడే ఉండుటచే మన అపరాధ పరిశోధకులు కూడ అక్కడే కాపురము పెట్టినారు. మేము మాత్రము దాదా పద్ధతిని విడువలేదు. యుగంధర్‌ను రైలెక్కించి ఇటిక్యాల స్టేషనులో దింపినాము. అలహాబాదు వాడును, మద్రాసు వాడును మా ఊరి ఒకే హోటలులో చాయ త్రాగినారు. ఇద్దరు రచయితలకు ఒకరి ఉనికి మరొకరికి తెలిసి ఉండదు. మా మనస్సులో వారి కథలన్నిటికి ఊరు ఒక్కటే.

పలువురు ఒకే లోకమును పంచుకొని వ్రాయుట దాదాకు కొత్త కాదు. 1960 నుండి 1963 వరకు ఇబ్నె సఫీ మానసిక అస్వస్థతతో కలము పట్టలేదు. ఆ కాలమున ఎందరో ఇమ్రాన్‌ను తమ వానిగా చేసుకొని, కొందరైతే సఫీ అను మాటను కూడ తమ పేరునకు తగిలించుకొని నవలలు వ్రాసినారు. దాదా వాటిని కూడ కొని తెచ్చి, నాలుగు పుటలు చదివి ప్రక్కన పెట్టేవారట. "వీనికి ఇమ్రాన్ పేరు తెలుసు, ఊరు తెలియదు" అనేవారని దాదీ చెప్పుచుండును. మరొక సంగతి ఇచట చెప్పవలెను. అవే నవలలు హిందీలో వచ్చినపుడు ఫరీదీ వినోద్ అయినాడు, ఇమ్రాన్ రాజేశ్ అయినాడు; హమీద్ మాత్రము హమీద్‌గానే మిగిలినాడు. కథ అదే, చదువరి మారినాడు, నాయకుని పేరు మారినది. పేరు మార్చిన వారి వ్యాపార దృష్టిని మేము తప్పు పట్టము. కాని ఇది తలచినపుడెల్ల, గాజుల సాయిబు అను పేరును దాటి ఎన్నడును పిలువబడని మా దాదా గుర్తుకు వచ్చును.

ఎం.ఏ. చదువు రోజులలో గ్రంథాలయములో 'ది ఫ్లోటింగ్ అడ్మిరల్' అను ఆంగ్ల నవల మా చేతికి చిక్కినది. 1931లో లండను డిటెక్షన్ క్లబ్బు సభ్యులు పదునలుగురు కలిసి వ్రాసినది. అందులో చెస్టర్‌టన్, అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్ ఉన్నారు. విన్‌మత్ అను ఒక చిన్న కల్పిత పట్టణము, ఒక నది, పడవలో కొట్టుకొని వచ్చిన నౌకాధికారి శవము. ఒకరు వ్రాసిన అధ్యాయమును మరొకరు అందుకొనవలెను. ముందువారు వ్రాసిన దేనిని కొట్టివేయరాదు, ఆధారములన్నిటికి సమాధానము చెప్పవలెను. వ్రాయువారు తమ మనస్సులో ఒక పరిష్కారము నిశ్చయించుకొని మరీ వ్రాయవలెను. చివరి అధ్యాయము ఆంథొనీ బర్క్‌లీ వంతు వచ్చినది. దానికి ఆయన పెట్టిన పేరునకు తెలుగున గందరగోళమును చక్కబెట్టుట అని అర్థము. పాపము, నిజముగానే అంత పని పడినది.

గత విద్యా సంవత్సరము మా విద్యార్థులతో ఇదే ఆట ఆడించినాము. ఉర్దూ విభాగము నుండి ముగ్గురు, తెలుగు విభాగము నుండి ముగ్గురు. ఊరు ఇటిక్యాల. బీచుపల్లి దగ్గర కృష్ణలో ఒక పుట్టి కొట్టుకొని వచ్చినది. అందులో ఒక వడ్డీ వ్యాపారి శవము, పచ్చ గాజు ముక్కలు రెండు. మొదటి అధ్యాయము అంతే. రెండవది గద్వాల విద్యార్థి వంతు. "ఎండకాలంల ఆడ పుట్టి ఎట్ల కొట్టుకొస్తది సార్, జూరాల గేట్లు తెరిస్తె గద నీళ్ళు" అని తగవు పెట్టుకొని, కథను వానకాలమునకు జరిపి, ఎగువన ఎక్కడ నుండి ఎంతసేపటికి చేరునో లెక్క కట్టినాడు. విన్‌మత్ రచయితలు ఆటుపోట్ల వేళలతో పడిన తంటా ఇదే. మాకు మహదానందమైనది.

మూడవ అధ్యాయము చదివి మా ముఖము వాడినది. గాజు ముక్కలు దొరికినవి గనుక హంతకుడు ఊరూరు తిరుగు గాజుల సాయిబు అని ఇన్స్‌పెక్టరు నిశ్చయించినాడు. వ్రాసినది ఉర్దూ విభాగపు అబ్బాయి. అడిగితే "కథలల్ల అట్లనే ఉంటది గద సార్" అన్నాడు, ఏ దోషము ఎరుగని కండ్లతో.

మేము నాల్గవ తరగతిలో ఉన్నప్పటి మాట. పొరుగూరిలో ఒక ఇంట బంగారు గొలుసు పోయినది. ముందు రోజు ఆ ఇంటి అరుగు మీద దాదా గాజులు తొడిగి వచ్చినారు. ఎవరును ఆయనను ఒక్క మాట అనలేదు. పదకొండు దినములు ఆ ఊరిలో ఏ ఇంటివారును పిలువలేదు, అంతే. ముప్పది యేండ్లుగా ఆ గడపలు తొక్కిన మనిషి ప్రతి ఉదయము పెట్టె ఎత్తుకొని పోవుట, నిండు పెట్టెతో తిరిగి వచ్చుట మేము చూచినాము. పండ్రెండవ నాడు గొలుసు ఆ ఇంటి వడ్ల గుమ్మిలోనే దొరికినది. మరునాడు ఆ ఇంటి పెద్దమ్మ పిలిచి డజను గాజులు వేయించుకొని రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినది. దాదా ఆ రెండు రూపాయలు అరుగు మీదనే పెట్టి వచ్చినారు. ఆ రాత్రి కథ చెప్పలేదు. తరువాత ఎన్నడో ఒక నవల నడుమ ఆగి, "దారిన పోయేవాని మీద నేరము పెట్టి ముగించినాడంటే, రాసినాయన ఊళ్ళోకి పోనే లేదన్నట్టు" అన్నారు.

ఎర్ర సిరాతో ఆ మూడవ అధ్యాయమును కొట్టివేయవలెనని చేయి ఆడినది. కాని నియమము పెట్టినది మేమే. కొట్టివేయరాదు, సమాధానము చెప్పవలెను. ఆ అబ్బాయితో దాదా సంగతి చెప్పుటకు కూడ నోరు రాలేదు. ఏమియు అనకుండ కాగితములు నాల్గవ రచయిత్రికి అందించినాము. ఏమియు అనని ఆ ఊరివారి వలెనే మేమును ఉంటిమే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాల్గవ రచయిత్రి తెలుగు విభాగపు విద్యార్థిని. ఆమెకు మా దాదా ఎవరో తెలియదు. వారము తరువాత ఆమె తెచ్చిన అధ్యాయములో ఇన్స్‌పెక్టరు సాయిబును పిలిపించినాడు. సాయిబు ఆ ముక్కలను తడిమి, లోపలి అంచు అరిగి ఉన్నదని, ఇవి పెట్టెలోనివి కావని, చేతికి వేసుకొని తిరిగినవని చెప్పినాడు. రెండింటిని కలిపి వంపు చూచి, రెండు నాలుగు సైజు అన్నాడు. ఆ పచ్చ గాజులు శ్రావణ మాసములో ఎవరెవరికి తొడిగినాడో ఆయనకు జ్ఞాపకమున్నది. "ఊళ్ళె అందరి చేతులు పట్టి చూసేది ఆయన ఒక్కడే గద సార్, ఇన్స్‌పెక్టరుకు ఏం తెలుస్తది" అన్నది ఆమె. దొంగగా ప్రవేశించినవాడు పరిశోధకుడై కూర్చున్నాడు. రెండు నాలుగు గనుక సన్నని మణికట్టు, అనగా వ్యాపారి ఇంటి పనిపిల్ల అని ఆమె సూచించినది. అయిదవ అధ్యాయము వ్రాయువాడు తొందరపడి ఆ పనిపిల్లను అరెస్టు కూడ చేయించినాడు.

సెలవులలో ఆ కాగితములు ఇటిక్యాలకు తీసికొని పోయి దాదీకి చదివి వినిపించినాము. దాదా పోయి కొన్ని యేండ్లైనది. ఆమె కండ్లు మూసికొని వినుచు, నాల్గవ అధ్యాయము దగ్గర చేయి ఎత్తి ఆపినది.

"ఆ పిల్లకు గాజులు తొడుగుట తెలియదు బేటా. మణికట్టును చూసి సైజు చెప్పరు. వేళ్ళు ముడిచి, పిడికిలి ఎముకల దగ్గర ఎంత ఉన్నదో చూడవలె. గాజు దిగవలసినది అక్కడ. బండెడు అంట్లు తోమిన పిల్లకు మణికట్టు పుల్ల లాగ ఉన్నా రెండు నాలుగు దిగదు, పగిలి పోతది. అది నీళ్ళు తోడని చేయి."

కళాశాల తెరచిన రోజున ఈ మాట నాల్గవ రచయిత్రికి చెప్పినాము. ఆమె తన పిడికిలిని తానే ముడిచి చూచుకొని, నవ్వి, కాగితములు అడిగి తీసికొన్నది. సాయంత్రము అయిదవ అధ్యాయపు విద్యార్థి సిబ్బంది గది గుమ్మము దగ్గర నిలబడి ఉన్నాడు.

"నేను రాసిందంత పోయింది సార్. ఆ పిల్లను జెయిల్ల వేసిన."

విడిపించుమని చెప్పినాము. కొత్త కాగితములు పది ఇచ్చినాము.