ఆరోగ్యవరము

తిరుపతినుండి పడమరగా భాకరాపేట కనుమనెక్కి, పీలేరు, వాయల్పాడు దాటినచో మదనపల్లె చేరుదుము. పూర్వము చిత్తూరు జిల్లాలోనిదైన యా పట్టణము చెంత 1915లో ఆరోగ్యవరమను క్షయరోగ చికిత్సాలయము వెలసెను. క్షయకు తగిన మందులేని యా దినములలో మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమగు నాహారము - ఇవియే చికిత్స. తొలి వైద్యాధికారి ఫ్రిమోట్ మోల్లరుగారు డెన్మార్కునుండి వచ్చినవారు.

అచ్చట పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమినుగారు పిదప భారత ప్రభుత్వమునకు క్షయనివారణ సలహాదారులైరి. రోగి మంచముకడ నేర్చినది దేశమంతటికి నుపకరించెను. 1948లో మన దేశమున బి. సి. జి. టీకా మొదట వేసిన తావులలో మదనపల్లె యొకటి. చుట్టుపట్ల పల్లెలలో 1950 మొదలు జరిపిన క్షయ పరిశోధనను ప్రపంచారోగ్యసంస్థ 1960లో తన పత్రికయందు ప్రకటించెను.

అనుభవము గడించిన యారోగ్యోద్యోగులు విదేశములకేగి ప్రజారోగ్య విధానములను నేర్చుటకు వేతనములు పిమ్మట నేర్పడినవి. అమెరికాలో 1978లో హంఫ్రీ ఫెలోషిప్పు, 1983లో హార్వర్డు విశ్వవిద్యాలయమున టకెమి ఫెలోషిప్పు మొదలైనవి.

సోదరీమణులారా! అట్టి యవకాశము మన కూతురికో కోడలికో లభించినచో, “పిల్లల తల్లికి ఈ వయసున చదువేల?” యని వారింపకుడు. ఏడాది యెడబాటు ఇంటికి కష్టమే. కాని యామె నేర్చి వచ్చిన విద్యవలన ఎన్నియో పల్లెలలో బిడ్డలు దగ్గులేక నిదురింతురు.