మినియెట్ వచ్చేసింది... మరి తర్వాత?

పియానో ముందు కూర్చున్న వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. చేతిలో ఉన్న పాఠం అయిపోయింది, ఇక ఏది మొదలుపెట్టాలి? మూడు వందల ఏళ్లనాటి బరోక్ సంగీతాన్ని ఇష్టపడేవాళ్లకు జర్మనీలో దగ్గర దగ్గరగా ఉన్న మూడు ఊళ్లు దీనికి జవాబు చెబుతాయి.

లైప్‌జిగ్ నగరం నడిబొడ్డున సెయింట్ థామస్ చర్చి. దాని పక్కనే 1908లో పెట్టిన నిలువెత్తు విగ్రహం. కోటు జేబు ఒకటి తిరగేసి బయటికి వేలాడుతుంటుంది. పాపం, ఆయన జేబులో ఎప్పుడూ డబ్బుల్లేవని చెప్పడానికే శిల్పి అలా చేశాడని ఊళ్లోవాళ్లు సరదాగా చెబుతారు. ఆయనే యొహాన్ సెబాస్టియన్ బాఖ్! 1723లో కుటుంబంతో ఇక్కడికొచ్చి, 1750లో కన్నుమూసేదాకా ఈ చర్చి సంగీతం బాధ్యతంతా చూశాడు. సమాధి కూడా చర్చి లోపలే ఉంది.

ఎదురుగా ఉన్న బోస్ ఇంట్లో బాఖ్ మ్యూజియం ఉంది. పియానో నేర్చుకునే పిల్లలు తొలినాళ్లలో వాయించే ‘జి మేజర్ మినియెట్’ బాఖ్‌దే అని చాలామంది నమ్మకం. నిజానికి అది డ్రెస్డెన్‌లో ఆర్గాన్ వాయించే క్రిస్టియన్ పెట్జోల్డ్ రాసింది. బాఖ్ భార్య అన్నా మగ్దలేనా కోసం 1725లో మొదలుపెట్టిన నోటుపుస్తకంలో కనిపించడంతో అందరూ ఆయనదే అనుకున్నారు. ఆ ఇంట్లో వాళ్లు తమకు నచ్చినవన్నీ, ఎవరివైనా సరే, అందులో రాసుకునేవారు. ‘నచ్చిందే నేర్చుకో’ అన్న మొదటి జవాబు అక్కడే దొరుకుతుంది.

కానీ నచ్చినదంతా పియానోకి నప్పుతుందా? అదే నగరంలోని గ్రాసీ భవనంలో ఉన్న సంగీత వాద్యాల మ్యూజియం చూస్తే తెలుస్తుంది. అక్కడ పాతకాలపు హార్ప్‌సికార్డులు, క్లావికార్డులు కొలువుదీరాయి. హార్ప్‌సికార్డులో మెట్టు నొక్కితే చిన్న ఈక ములుకు తీగను మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం ఒకేలా ఉంటుంది. పియానోని కనిపెట్టిన ఇటలీవాసి క్రిస్టోఫొరి 1726లో తయారుచేసిన వాద్యం కూడా ఇక్కడే ఉంది. అందులో తీగను సుత్తి కొడుతుంది, వేలి ఒత్తిడిని బట్టి శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే బరోక్ రచనలను పియానో మీద వాయించేటప్పుడు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో వాయించేవాళ్లే తేల్చుకోవాలి.

లైప్‌జిగ్ నుంచి రైలెక్కితే అరగంటలో హాలె. బాఖ్ పుట్టిన 1685లోనే హాండెల్ పుట్టిన ఊరు. పుట్టిన ఇల్లే ఇప్పుడు మ్యూజియం. 1719లో ఆయన్ని కలుద్దామని బాఖ్ ఇక్కడిదాకా వచ్చాడు. అప్పటికే హాండెల్ వెళ్లిపోయాడు. ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు! మినియెట్ తర్వాత నెమ్మదిగా, గంభీరంగా సాగే రచన కావాలనుకునేవాళ్లకు హాండెల్ ‘డి మైనర్ సారబాండ్’ మంచి మజిలీ. 1975లో వచ్చిన ‘బ్యారీ లిండన్’ సినిమా చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

అసలైన జవాబు మాత్రం మూడో ఊరు కోథెన్‌లో ఉంది. 1717 నుంచి 1723 దాకా బాఖ్ ఇక్కడి రాజుగారి కొలువులో పనిచేశాడు. ఆ కోటలో ఆయన జ్ఞాపకాలను భద్రపరిచారు. 1720 జనవరిలో తొమ్మిదేళ్ల పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఓ పాఠాల పుస్తకం మొదలుపెట్టాడు. ముందు గమకాల పట్టిక, తర్వాత ఏ వేలు ఎక్కడ వేయాలో, ఆపైన చిన్న చిన్న ప్రెల్యూడ్లు... సరళీ వరసలు, జంట వరసలు దాటాకే గీతం అందుకున్నట్టు!

ఆ ఏడాది జులైలోనే పిల్లాడి తల్లి చనిపోయింది. తండ్రి అప్పుడు రాజుగారితో పరాయి ఊళ్లో ఉన్నాడు. ఆ దుఃఖం తర్వాత కూడా పుస్తకం ఆగలేదు. అందులోని పాఠాలే మెరుగులు దిద్దుకుని 1723 నాటికి 15 ఇన్వెన్షన్లు, 15 సిన్ఫోనియాలు అయ్యాయి.

ఈ తపనకు వెనక ఓ కథ ఉంది. పదేళ్లకే అమ్మానాన్నలను పోగొట్టుకున్న బాఖ్, అన్న పంచన పెరిగాడు. పెద్ద విద్వాంసుల రచనలున్న పుస్తకం అడిగితే అన్న ఇవ్వలేదు. బీరువా జాలీలోంచి దాన్ని లాగి, ఆరునెలలపాటు వెన్నెల వెలుగులో రాసుకున్నాడట. అది తెలిసి అన్న ఆ కాగితాలూ లాక్కున్నాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక, తన పిల్లలకు పాఠాలు తనే రాసిచ్చాడు.

కాబట్టి మినియెట్ అయినవాళ్లు నేరుగా పెద్ద ఫ్యూగ్ మీదికి దూకనక్కర్లేదు. ముందు ఓ చిన్న ప్రెల్యూడ్. ఆపైన ఇన్వెన్షన్లలో ఒకటి, నాలుగు, ఎనిమిది, పదమూడు... చాలామంది వీటితోనే మొదలుపెడతారు. రెండు చేతులూ సమానంగా పాడాలి, ఎడమచేయి తోడుగా ఊరుకుంటే కుదరదు. ఒక్కో చేతిని విడిగా, నిదానంగా సాధన చేశాకే రెండూ కలపాలి. అది కుదిరిన రోజున తర్వాతి పాఠం ఏదన్నది ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

ఇలా వెళ్లొచ్చు: లైప్‌జిగ్, హాలెలకు ఉమ్మడి విమానాశ్రయం ఉంది. హాలె నుంచి కోథెన్‌కు రైల్లో మరో అరగంట. బడి సెలవులు లేని వారాల్లో శుక్ర, శనివారాలు సెయింట్ థామస్ చర్చిలో బాలుర బృందగానం వినొచ్చు.