పాటు నీరు ఉండగానే

1969వ సంవత్సరము వేసవిలో ఒకనాడు వశిష్ఠ గోదావరిమీద నేను నేర్చుకొనిన పాఠమును మీకు చెప్పగోరుచున్నాను.

అప్పుడు నేను విశాఖపట్నములోని కంచరపాలెమున కాపురముండి రైల్వేలో పనిచేయుచుంటిని. మా అన్నయ్య నరసాపురమునకు దిగువనున్న ఒక లంకలో ఉండెను. నాయనగారు విడిచిన అరయెకరము కొబ్బరితోట విషయమై తగవులాడి, మేము ఏడేండ్లు మాటలాడుకొనలేదు. ఆ ఏడేండ్లును నేను ఆదివారపు ఆరాధన మానలేదు. ప్రభువు బల్లలో పాలుపొందుచునే యుంటిని. అట్లుండగా, "తమ్ముడూ, ఒంట్లో బాగాలేదు, ఒకసారి వచ్చిపో" అని అన్నయ్య ఉత్తరము వ్రాసెను.

నరసాపురములో దిగితిని. 1836లో ఇంగ్లండు విడిచి తెరచాప ఓడలో వచ్చిన బౌడెన్, బీర్ దొరలు సువార్తపని చేసిన ఊరది. వారు సముద్రములు దాటి వచ్చిరి. నాకు ఒక్క యేరు దాటుటకు ఏడేండ్లు పట్టెను.

సముద్రము దగ్గర గోదావరి ఎల్లప్పుడు ఒకే వైపునకు పారదు. సుమారు ఆరు గంటలు నీరు దిగును, అది పాటు. మరి ఆరు గంటలు వెనుకకు ఎక్కును, అది పోటు. అమావాస్య పున్నములకు దాని వడి హెచ్చు. ఆనాడు అమావాస్య. ఉదయము తొమ్మిదింటికి పాటు అందుకొని పడవ కదిలెను. ఎదుటి ఒడ్డున సఖినేటిపల్లి రేవులో బియ్యపు బస్తాలు ఎక్కించుకొని, దిగువన మరియొక రేవున ఆగితిమి.

అక్కడ ఒక విశ్వాసి యింట మజ్జిగ త్రాగి కూర్చుంటిని. పడవ తాత రెండుసార్లు కేకవేసెను. "వచ్చుచున్నాను" అంటినేగాని లేవలేదు. నిజము చెప్పవలెనన్న, అన్నయ్య ముఖము చూచుటకు భయపడితిని. తీరా రేవుకు వచ్చునప్పటికి నీరు నిలిచిపోయినది. సముద్రపు గాలి ఎదురు కొట్టుచున్నది.

"ఇంక పోటు తగ్గేదాకా కదలదు బాబూ. నీరు నాకోసమూ ఆగదు, మీకోసమూ ఆగదు" అనెను తాత.

రాత్రి తొమ్మిది దాటువరకు ఆ ఒడ్డుననే యుంటిని. అన్నయ్య బ్రదికియున్నాడో లేడో యని ప్రార్థించుటకు కూడ నోరు రాలేదు. నడిరేయికి లంక చేరితిమి. రేవులో ఒక లాంతరు కనబడెను. జ్వరముతో దుప్పటి కప్పుకొని అన్నయ్య మధ్యాహ్నమునుండి అక్కడనే కూర్చుండెనట!

"అన్నము తిన్నావురా?" అని మాత్రమే అడిగెను. తోట మాట మా యిద్దరి నోటను మరల రాలేదు.

ఆరు మాసములకు అన్నయ్య ప్రభువునందు నిద్రించెను. ఆ ఆరు మాసములు దేవుడు నాకిచ్చిన కృప. ఏడేండ్లు మాత్రము నేను పోగొట్టుకొన్నవి.

ప్రియులారా, అర్పణను బలిపీఠము నొద్ద విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని మన ప్రభువు ఆజ్ఞాపించెను గదా. ఏటికి పాటు మరల వచ్చును. అన్నదమ్ములకు ఆ సమయము మరల వచ్చునని చెప్పగలవారెవరు? మీలో ఎవరికైన అట్టి అన్నయ్య యున్నయెడల, వచ్చే ఆదివారము వరకు ఆగకుడి. నేడే బయలుదేరుడి.