చూపుకన్నా ముందు చెవి

కాప్రాలో నివసించేవారికి పక్కనున్న ఈసీఐఎల్ అంటే ఒకింత స్వాతిశయం. లద్దాఖ్‌లోని హాన్లేలో 2024 అక్టోబరులో ప్రారంభమైన 21 మీటర్ల మేస్ గామా కిరణ దూరదర్శిని తయారీలో ఈ సంస్థది ముఖ్యపాత్ర. అది కన్ను. కొంతకాలంగా నన్ను ఆలోచింపజేస్తున్నది మాత్రం చెవి.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని రెండు లైగో కేంద్రాలు తొలిసారిగా గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. ఎంతో దూరాన రెండు కృష్ణబిలాలు ఏకమైన కబురది. దీన్ని చెరువులో అలతో పోలుస్తారు. మా కాప్రా చెరువు గట్టున నిలబడి చూస్తే ఆ పోలిక చాలదనిపిస్తుంది. చెరువు అల నీటినే కదుపుతుంది. ఈ తరంగం నీటినీ, గట్టునూ, గట్టు మీది మనిషినీ కూడా రవ్వంత సాగదీసి, కుదించి వెళ్ళిపోతుంది. 4 కిలోమీటర్ల లైగో బాహువులో నాడు కలిగిన మార్పు ప్రోటాను వెడల్పులో నూరో వంతు కూడా లేదు!

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు కలిసినప్పుడు, ఇటలీలోని వర్గో కూడా తోడవడంతో దిక్కు తెలిసింది. సుమారు 11 గంటలలో దూరదర్శినులు ఆ వెలుగును కనిపెట్టాయి. బంగారం వంటి మూలకాలు అటువంటి తాకిడిలో పుడతాయనడానికి గట్టి ఆధారం దొరికింది. 2019 ఏప్రిల్ 25న అటువంటిదే మరో కబురు వచ్చింది. ఆ వేళ హాన్‌ఫర్డ్ కేంద్రం పనిచేయడంలేదు. ఆకాశంలో ఐదో వంతు గాలించవలసి వచ్చింది, వెలుగు దొరకలేదు. ఒక్క చెవి తగ్గితే ఇన్ని కళ్ళూ నిరుపయోగమే.

మన లైగో మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రానున్నది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న సీమే అది. 2016లో సూత్రప్రాయంగా అంగీకరించారు. 2,600 కోట్ల రూపాయలకు పూర్తి ఆమోదం లభించింది 2023 ఏప్రిల్‌లో. 2030 నాటికి సిద్ధం చేయాలన్నది అప్పటి సంకల్పం.

ఈసీఐఎల్‌లో ఉద్యోగ విరమణ చేసిన మా వీధి పెద్దాయనకు ఇదంతా చెప్పాను. "అంత దూరం ఎందుకండీ, ఇక్కడే కట్టకూడదూ?" అన్నారు. ఇంతలో నాచారం వైపు లారీ ఒకటి పోయింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆయన నవ్వి, "అర్థమైంది లెండి" అన్నారు. కాసేపటికి మెల్లగా, "2030 అన్నారు కదూ? అప్పటికి నాకు ఎనభై నాలుగు" అన్నారు.

తరంగాలకేం, అవి వస్తూనే ఉంటాయి. వేచి ఉండలేనిది మనిషే.