పక్కపక్క మాటలు

నిఘంటువు పనిలో కష్టమంతా అరుదైన మాటలతోనే అనుకుంటారు బయటివాళ్లు. వాటికి చాలాసార్లు అర్థం ఒకటే ఉంటుంది, చూసి రాసేస్తాం. ఏళ్ల తరబడి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల పని చేస్తున్న నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేవి అక్షరక్రమంలో దగ్గర దగ్గరగా పడే మామూలు మాటలు.

జుడీషియల్, జుడీషియస్ తీసుకోండి. మొదటిది న్యాయస్థానానికి సంబంధించినది. రెండోది మంచిచెడ్డలు తూచి చేసినది. రెండింటికీ ‘న్యాయమైన’ అని రాస్తే పోటీ పరీక్షలకి చదివే పిల్లలు నిలువునా మునుగుతారు. అందుకే ఇలాంటి జంటని ఒకరే, ఒకే పూట రాయాలని పట్టుబడతాను. పని పంచుకునేటప్పుడు గీత వాటి మధ్య పడకూడదు.

తర్వాత ఉదాహరణ వాక్యం. అందులో పక్క మాట పెట్టి చదువుతాను. అదీ అతికిందా, వాక్యం కొట్టేస్తాను. అఫీషియస్‌కి ‘అధికార దర్పం గల’ అంటే అది అఫీషియల్ పంచన చేరిపోతుంది. నిజానికి అలాంటి మనిషికి అధికారం ఉండక్కర్లేదు. అపార్టుమెంటులోకి వచ్చేపోయేవాళ్లని ‘ఎవరింటికి? ఏం పని?’ అని ఆరా తీస్తూ, అడక్కుండానే పెత్తనం చేసే పొరుగాయన చాలు. ఆయన్ని వాక్యంలోకి తెస్తే అఫీషియల్ అక్కడ ఇమడదు.

స్టేషనరీ జంటకి తెలుగు లిపిలో తేడానే కనిపించదు. చివర ‘ఏ ఆర్ వై’ ఉంటే కదలనిది, ‘ఇ ఆర్ వై’ ఉంటే కాగితాలూ కలాలూ. ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాల్సిందే. ఊరూరా తిరగకుండా ఒకచోట కొట్టు పెట్టుకున్న పుస్తకాల వర్తకుణ్ణి స్టేషనర్ అన్నారు. అతని సరుకే స్టేషనరీ. ఇది తెలిసిన పిల్లలు రెండింటినీ కలగాపులగం చెయ్యరు.

అలాగని అన్నిటికీ చుట్టరికం అంటగట్టకూడదు. ఐలండ్, ఐల్ రెండూ దీవులే, నిఘంటువులో ఎడమూ తక్కువే. ఐల్ లాటిన్ ‘ఇన్సులా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఐలండ్ పాత ఇంగ్లీషు సొంత మాట, మొదట్లో అందులో ఎస్ లేనే లేదు. ఐల్‌ని చూసి ఇరికించారు. హ్యూమన్, హ్యూమేన్‌ల కథ దీనికి తలకిందులు. 18వ శతాబ్దం దాకా అవి ఒకే మాటకి రెండు స్పెల్లింగులు!

ప్రూఫుల్లో జంట మాటలు కాగితానికి ఒకటి ఇటు, ఒకటి అటు పడితే చదివేవాళ్లకి పోల్చుకోవడం కుదరదు. ఎదురెదురు పేజీల్లోనైనా వచ్చేలా చూడమని డీటీపీ చేసే అమ్మాయికి చెబుతాను. చోటు చాలకపోతే ముందున్న మాటల ఉదాహరణలు ఒకటి రెండు తీసేస్తాను గానీ ఆ జంటని విడదీయనివ్వను.