వలగుళ్లు పోసే ఇల్లు

2024 జూన్ 18, మంగళవారం

మూడేళ్ల పిల్లాణ్ని మళ్లీ తీసుకొచ్చారు. కడుపునొప్పి, మలబద్ధకం, తిండి మీద ధ్యాస లేదు. హిమోగ్లోబిన్ 7.9. నులిపురుగుల మాత్ర వేశాం, ఐరన్ సిరప్ పోశాం, రవ్వంత మార్పు లేదు. తల్లికి ఐదో నెల. "మట్టి తింటాడండీ, కొట్టినా మానడు" అంది. ఎక్కడి మట్టి అని అడిగాను. "ఇంటెనకాల, ఆయన గుళ్లు పోసే చోటండీ."

విసురు వల అంచుకు కట్టే సీసపు గుళ్లు. పాత ట్రాక్టరు బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకల్ని మూకుట్లో కరిగించి, అచ్చులో పోస్తాడట. మా లంక ఊళ్లో సగం వలలకు ఆ ఇంటి గుళ్లే.

జూన్ 19

ఏఎన్ఎమ్‌తో కలిసి వెళ్లాను. కొబ్బరిచెట్ల మధ్య పొయ్యి, మసిబారిన మూకుడు, పక్కన గీకి పడేసిన బూడిదరంగు తెట్టు. బ్యాటరీల్లోని యాసిడ్ పారబోసే కంచె వార గడ్డి మొలవలేదు. ఆరబెట్టిన బట్టలు ఆ పొగలోనే ఊగుతున్నాయి. కోళ్లు, పిల్లాడు, అన్నం గిన్నెలు, అన్నీ ఆ పెరట్లోనే.

పిల్లాడి నాయనమ్మ కోపంగానే అడిగింది: "మా మావగారి నాటి నుంచీ ఇదే పనండీ. ఎవరికేమైంది?" నిజమే, ఎవరూ పడిపోలేదు. సీసం అలా పడగొట్టదు. కాల్షియం స్థానంలో దూరి ఎముకల్లో స్థిరపడుతుంది, దశాబ్దాలు అక్కడే ఉంటుంది. నెత్తురు పట్టనివ్వదు, చదువు ఎక్కనివ్వదు. పెద్దవాళ్ల కడుపు పీల్చుకునే దానికి నాలుగైదు రెట్లు పిల్లల కడుపు పీల్చుకుంటుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువ. అంటే వాడి రక్తహీనతకు సీసం కారణం కావచ్చు, ఒంట్లోకి సీసం మరింత ఎక్కడానికి ఆ ఇనుము లోపమే కారణం కావచ్చు.

ఇదంతా ఆమెకు చెప్పాను. విన్నది గానీ నమ్మలేదు. నా చేతిలో అంకె లేదు మరి.

జూన్ 21

నెత్తురు తీశాం. వేలిమీద పొడిస్తే వేలికున్న దుమ్ములోని సీసం చుక్కలో కలిసి తప్పుడు లెక్క వస్తుంది. అందుకే సబ్బుతో చేతులు రుద్ది కడిగించి, మోచేతి మడత దగ్గర నరంలోంచి తీశాను. లోహాల పరీక్షకని ప్రత్యేకంగా వచ్చే ట్యూబులే వాడాలి. అవి ఊరికే దొరకవు, నగరం నుంచి తెప్పించాను. తల్లిది కూడా తీశాం.

రెండు చుక్కల నెత్తురుతో కొద్ది నిమిషాల్లో సీసం ఎంతుందో చెప్పే చిన్న యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. మా ఆసుపత్రి బల్లమీద షుగరు మిషన్ ఉంది, ఇది లేదు. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్‌కు పంపిన నమూనాల్లో సీసం, నికెల్ కనిపించినప్పుడు, కొన్నాళ్లు అందరి నోటా సీసం మాటే. జనం రోడ్డుమీద పడిపోతే తప్ప పరీక్ష గుర్తురాదా? ఈ పిల్లాడు ఎక్కడా పడిపోలేదు. నీరసంగా కూర్చుని ఉన్నాడు, అంతే.

జూన్ 25

మాటలు ఊళ్లో పాకాయి. రిటైరైన మాస్టారొకరు వేలు పోసి చేయించుకున్న లోహాల పరీక్ష రిపోర్టు పట్టుకొచ్చారు. మూత్రంలో ఆర్సెనిక్ ఎక్కువని ఎర్ర అక్షరాలు. ఆయన చేతులు వణుకుతున్నాయి. పరీక్షకు ముందు రెండు రోజులూ ఏం తిన్నారని అడిగితే, సముద్రపు రొయ్యల ఇగురన్నారు. రొయ్యల్లో, చేపల్లో ఉండే ఆర్సెనిక్ చాలావరకు హాని చేయని రూపంలోదే, మూత్రంలో పోతుంది. ఐదు రోజులు చేపా రొయ్యా మాని, హానిచేసే రూపాన్ని విడిగా కొలిచే పరీక్ష చేయించుకోమన్నాను. ఆ ఒక్క మాట డబ్బు తీసుకున్నవాళ్లే ముందు చెప్పాల్సింది. ఒక పెద్దాయన వారం రోజులు నిద్ర లేకుండా గడిపారు.

జూలై 2

రిపోర్టు వచ్చింది. పిల్లాడికి డెసిలీటరుకు 38 మైక్రోగ్రాములు. తల్లికి 16.

5 చేరితే ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 45 చేరితే పిల్లలకు సీసాన్ని బయటికి లాగే మందులు. వీడు ఆ గీతకు కింద ఉన్నాడు. మందు ఇచ్చినా, మళ్లీ ఆ పెరట్లోకే పంపితే వృథా. 2007 చివర, 2008 మొదట్లో సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో, తియరోయ్ సుర్ మేర్ అనే ఊళ్లో, బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లెడపట్టి అమ్ముకున్న ఇళ్లలో 18 మంది పసిపిల్లలు చనిపోయారు. ఆ మట్టికీ ఈ పెరడుకీ తేడా ఏముందో రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

తల్లి సంగతి ఇంకా భయం. కడుపుతో ఉన్నప్పుడు ఎముకలు కరిగి బిడ్డకు కాల్షియం ఇస్తాయి, దాంతోపాటు దాచుకున్న సీసమూ వెళ్తుంది. కాల్షియం మాత్రలు మా దగ్గర ఉన్నాయి. ఒక్క పూటా మానకుండా వేయించాలి.

జూలై 4

తండ్రి వచ్చాడు. అంకె చూపించాను. చాలాసేపు కాగితం వంకే చూసి, "గుళ్లు లేకపోతే వల మునగదు గదండీ, నేనేం చెయ్యను?" అన్నాడు. అతన్ని తిట్టడానికి నాకేం హక్కుంది! ఆ మూకుడూ అచ్చే అతనికి కూడు పెడుతున్నాయి. ఇనప గొలుసు కట్టే వలల సంగతి మాట్లాడుకున్నాం. పాత బ్యాటరీలు తిరిగి తీసుకుని సక్రమంగా కరిగించే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీదారులదే. అవి ఈ లంకదాకా ఎలా వస్తున్నాయో అడగాల్సింది ఇతన్ని కాదు.

తల్లీ, పిల్లాడూ ఆమె పుట్టింటికి వెళ్లాలని చెప్పాను. పెరట్లో చీపురు పట్టొద్దు, దుమ్ము లేస్తుంది. పై మట్టి తీయించి, గట్టిగా కప్పించాలి. పంచాయతీకి రాశాను, పై అధికారులకూ రాశాను.

ఆగస్టు 20

పిల్లాడికి 27. తిండి తింటున్నాడట. ఎముకల్లోది ఇంకా నెత్తుట్లోకి ఊరుతూనే ఉంటుంది, కనుక ఇది నెమ్మదిగానే దిగుతుంది. తల్లికి 13. కాన్పు నాడు బొడ్డుతాడు నెత్తురు కూడా పంపాలని ఏఎన్ఎమ్‌కు చెప్పి ఉంచాను.

ఓపీ చీటీలో జ్వరం, దగ్గు తర్వాత ఇంకో గడి గీయించాను: ఇంట్లో ఏం పని చేస్తారు? ఈ వారంలోనే రెండు చీటీలు నా దగ్గరికొచ్చాయి. ఒకటి గుళ్లు పోసే ఇంకో ఇల్లు. ఇంకొకటి గిన్నెలకు కళాయి వేసే ఇల్లు, అక్కడ నలుగురు పిల్లలున్నారు. శుక్రవారం వెళ్తున్నాం. ట్యూబులు మూడే మిగిలాయి, ఇంకా తెప్పించాలి.