గుర్రము మీదనుండి పడిన రాజు



మా జంగారెడ్డిగూడెము మెట్ట ప్రాంతము. పొగాకు కాలము వచ్చిందంటే బ్యారను దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు మంట చూచుకొంటూ మేలుకొని ఉండాలి. మా చిన్నతనములో అటువంటి రాత్రులలో ఎవరో ఒక పెద్దాయన బొబ్బిలి కథో, పల్నాటి కథో ఎత్తుకొనేవాడు. ఇప్పుడు పడుచువాళ్ల చేతులలో సెల్‌ఫోను ఉన్నది. ఒకనాటి రాత్రి గృహ ప్రార్థన ముగించుకొని వస్తూ ఒక బ్యారను దగ్గర ఆగాము. ఆ చిన్న తెరమీద పట్టుబట్టలు, నల్లని టోపీలు, రాజు ముందు సాగిలపడిన మంత్రులు. "ఏమిటిరా ఇది?" అని అడిగితే, "కొరియా సీరియలు అయ్యగారూ, పాతకాలపు రాజులది" అన్నారు.

ఇంటికి వచ్చి చూస్తే మా అమ్మాయి కూడ అటువంటిదే చూస్తున్నది! మాకు కోపము వచ్చిన మాట నిజము. "మన దేశములో రాజులు లేరా?" అన్నాము. "నాన్నా, ఒక్క గంట కూర్చుని చూడండి, తరువాత తిట్టండి" అన్నది. కూర్చున్నాము. ఆ గంట కాస్తా ఒక నెల అయినది.

కొరియా రాజుల కథలు మన దేశమునకు నిన్న మొన్న రాలేదు. 2006లోనే దూరదర్శన్ 'ఎంపరర్ ఆఫ్ ది సీ' అనే ధారావాహికను హిందీలో చూపింది. 'జువెల్ ఇన్ ది ప్యాలెస్' కూడ అలాగే వచ్చింది. చిన్నప్పుడు 'టిప్పు సుల్తాన్', 'చాణక్య' చూచిన మా తరము వాటిని గమనించలేదు, అంతే.

ఈ కథలలో మనసును పట్టేది రాజుగారి వైభవము కాదని మాకు తోచింది. 2003లో మొదలై 54 భాగములుగా వచ్చిన ఆ 'జువెల్ ఇన్ ది ప్యాలెస్' చూడండి. తల్లిదండ్రులు లేని ఒక చిన్నపిల్ల రాజనగరు వంటశాలలో చేరుతుంది. వంటశాలలోని పెద్దావిడ "త్రాగడానికి నీళ్లు తే" అంటుంది. పిల్ల తెస్తుంది. "ఇవి కావు, మళ్లీ తే" అంటుంది. రోజులు గడుస్తాయి, ఎన్ని విధాల తెచ్చినా ఇదే మాట. చివరకు ఆ పిల్ల ఆగి, "అమ్మా, కడుపులో నొప్పిగా ఉన్నదా? గొంతు నొప్పిగా ఉన్నదా?" అని అడిగి, గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి తెస్తుంది. పెద్దావిడ కోరినది అదే! త్రాగేవాని స్థితి తెలిసికోకుండ ఇచ్చేవి నీళ్లు కావు. జ్వరపడిన పిల్లవానికి జావ కాచే మన తల్లులకు ఈ పాఠము ఎవరూ చెప్పనవసరము లేదు. సేవ చేస్తున్నామనుకొనే మావంటి వారికే చెప్పాలి.

1999లో మొదలైన 'హో జూన్' కథ మరొకటి. ఇతడు నిజముగా బ్రతికిన వైద్యుడు. ఉంపుడుగత్తె కడుపున పుట్టినందున తక్కువవాడని ముద్ర పడినవాడు. అతడు 1610లో ముగించిన వైద్యగ్రంథము 1613లో అచ్చయినది, ఈనాటికీ నిలిచి ఉన్నది. పుట్టుకను బట్టి మనిషికి వెలకట్టడము అంటే ఏమిటో మన పల్లెలకు బాగా తెలుసు. అందుకే భాష రాకపోయినా ఆ కన్నీళ్లు మనకు అర్థమవుతాయి.

ఇందులో కల్పన ఎక్కువ సుమండీ! ఆ వంటశాల పిల్ల పేరు జాంగ్ గుమ్. వారి రాజ్య చరిత్రలో ఆమె మాట కొద్దిచోట్ల మాత్రమే ఉన్నది. 1544లో జబ్బుపడిన రాజు, తన రోగము సంగతి ఆ వైద్యురాలికి తెలుసునని చెప్పినట్లు వ్రాయబడినది. మిగిలిన సంసారమంతా రచయిత అల్లినదే. విషప్రయోగాలు, పగలు కూడ కావలసినన్ని ఉన్నాయి. చూచేవారు ఈ తేడా ఎరిగి చూడాలి.

అయితే ఆ చరిత్రను వ్రాసినది ఎవరు? ఒకనాడు తెరమీద రాజు, మంత్రులు మాట్లాడుకొంటుంటే, ఒక మూల కూర్చుని వ్రాసుకొంటున్నవారు కనబడ్డారు. "వాళ్లెవరమ్మా?" అని అడిగాము. "చరిత్ర వ్రాసే ఉద్యోగులు నాన్నా. ఈ కథంతా వాళ్లదే" అన్నది మా అమ్మాయి. 2019లో వచ్చిన ఆ కథలో స్త్రీలు ఆ ఉద్యోగము చేయడము కల్పన, ఉద్యోగము మాత్రము నిజము. వారు వ్రాసిన చిత్తుప్రతిని రాజు చూడకూడదు. ఆ రాజు చనిపోయిన తరువాతనే దానిని గ్రంథముగా కూర్చేవారు. 1392 మొదలు 1863 వరకు ఇలా నడిచింది. 1592 యుద్ధములో ప్రతులు కాలిపోతే, ఒక్క ఊరిలో మిగిలిన ప్రతిని ఇద్దరు పండితులు కొండలలోనికి చేర్చి కాపాడారు.

1404లో తేజోంగ్ అనే రాజు వేటలో గుర్రము మీదనుండి పడ్డాడు. దెబ్బ తగలలేదు. లేచి అటూ ఇటూ చూచి, ఈ సంగతి చరిత్రకారునికి తెలియనీయవద్దు అన్నాడట. చరిత్రకారుడు ఆ పడిన సంగతీ వ్రాశాడు, తెలియనీయవద్దన్న సంగతీ వ్రాశాడు! మా అమ్మాయి ఇది చెప్పి పకపక నవ్వింది. మేము నవ్వలేకపోయాము.

ఎందుకో చెప్పుకొంటాము. కొన్ని సంవత్సరముల క్రిందట మా అమ్మాయి కాలేజీ ఫీజుకు గడువు ముంచుకొచ్చింది. కోతకాల పండుగ కానుకలు మా యొద్దనే ఉన్నాయి. అందులో ఆరు వేలు తీసికొన్నాము. రెండు నెలలకు తిరిగి పెట్టివేశాము. లెక్క సరిపోయింది. పుస్తకములో ఒక్క అక్షరము వ్రాయలేదు. దావీదు రాజు తప్పును దాచకుండ వ్రాసిన గ్రంథమును వారము వారము చేతపట్టుకొనే మేము, మా పుస్తకములో మా సంగతి దాచాము.

ఆ నెల సంఘ కమిటీ కూడినప్పుడు నోరు ఎండిపోతుండగా ఉన్నదున్నట్లు చెప్పాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. "డబ్బు తిరిగి వచ్చింది గదా అయ్యగారూ, వదిలేయండి" అన్నారు ఒకరు. పామాయిల్ తోటలో కూలికి వెళ్లే ఒక పెద్దాయన మాత్రము, "లేదు అయ్యగారూ, వ్రాయండి. మీది వ్రాయకపోతే రేపు మాది ఎట్లా వ్రాస్తారు?" అన్నాడు. తేదీ వేసి వ్రాశాము, క్రింద సంతకము చేశాము. అప్పటినుండి కానుకల పెట్టె తాళము మా యొద్ద లేదు. మొదట అది గ్రుచ్చుకొన్న మాట వాస్తవము. ఇప్పుడు నిద్ర బాగా పడుతున్నది.

ఆ పుస్తకము మా అమ్మాయికి చూపించాము. 'ఫీజు' అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. "నాకు చెప్పి ఉంటే ఆ సంవత్సరము ఆగేదాన్ని గదా నాన్నా" అన్నది. మా యొద్ద జవాబు లేదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఈ కథలు చూస్తుంటే ఒక పూట ప్రక్కన కూర్చోండి. మంచి చెడ్డలు కలిసి మాట్లాడుకోండి. సింహాసనము మీదివానిని అందరూ చూస్తారు. మూల కూర్చుని వ్రాసేవానిని కూడ చూపించండి.